వాసన చూసిన బుట్ట

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది, పొద్దున్నే మార్కెట్టు నుంచి పూల బుట్టలు దించే ఆటో పెద్దాయన. ఆయన మేలు నేను మరువను. బుట్ట అరుగు మీద పెట్టి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటా చెప్పినాడు.

"అమ్మా, కాలేజీలో ఒక పాప ఉండాది. ఆఫ్రికా దేశమంట. పూలు కట్టేది నేర్చుకోవాలంట. పూలోళ్ల ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ కూర్చోమనలేదు."

"ఎందుకంట?"

"ఎందుకేముంది. ఒకామె మడి అనె, ఒకాయన జాగా లేదనె. నీకు జాగా దిగులు లేదు గదా, ఉండేదే ఒక వసారా!"

నవ్వొచ్చింది. తోడుకొని రమ్మన్నాను.

మర్నాడు ఆయన ఆటోలోనే, బుట్టల మధ్య ఒదిగి కూర్చుని వచ్చింది. కెన్యా పిల్ల. హాస్టల్లో మా సీమ పిల్లలతో ఉండి తెలుగు బాగానే పట్టింది. చెప్పులు వాకిట్లో విడిచి, "అక్కా, పని నేర్చుకునేదానికి వచ్చినా," అంది.

సంగతి అడిగితే విడమర్చి చెప్పింది. బయటి దేశాల పిల్లలకు ఆ కాలేజీలో చేతిపని కోర్సులు పెట్టినారు. బేకరీ, కుట్టుపని, కంప్యూటర్ రిపేరు, పూలపని, ఇట్లా. ఏది తీసుకున్నా సగం క్లాసులో, సగం ఆ పనితో బతికేవాళ్ల ఇంట్లో నేర్చుకోవాలి. చివర్లో, నిజంగా ఒకరు అడిగిన వస్తువును సారు ముందర సొంతంగా చేసి చూపితేనే సర్టిఫికెట్. నేర్పే ఇల్లు దొరక్కపోతే పూలపని మానుకొని కంప్యూటర్ రిపేరులో చేరమన్నారంట.

"చేరరాదా? అదీ మంచి పనే గదా," అన్నాను.

"మంచిదే అక్కా. మా అమ్మ గులాబీ తోటలో పని చేస్తుంది. పూలు పెట్టెల్లో సర్ది విమానానికి పంపుతారు. అవి ఎవరి చేతికి పోతాయో, ఎవరి మెడలో పడతాయో అమ్మ ఒక్కసారీ చూడలేదు. నేను అమ్మ ముందర కూర్చుని కట్టాల. మా ఊళ్లోనే అంగడి పెట్టాల."

ఇంక నేను అడిగేదేముంది? నేను బడి మెట్టు ఎక్కలేదు. మా నాయన బండ మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించినాడు, మేనత్త ఒళ్లో కూర్చోబెట్టుకొని పూలు కట్టించింది. వాళ్లు పెట్టిన విద్యే ఈ పొద్దు నా అన్నం. ఆ పిల్లకు వసారాలో చాప వేసినాను.

అరటినార తడిపేది, చీల్చేది, రెండు పూలు ఇటు రెండు అటు పెట్టి ముడి వేసేది నేర్పినాను. మొదట్లో ముడి బిగిస్తే కాడ తెగేది, వదులు చేస్తే పువ్వు జారేది. తిట్టినా నవ్వేది. రాను రాను మల్లెలు దాని వేళ్ల మధ్య మాట విన్నాయి. ఆమె దేవుడు వేరే. పనికి కూర్చునే ముందు కళ్లు మూసుకొని తన ప్రార్థన తను చేసుకొనేది, నేను నా గోవిందుణ్ణి తలుచుకొనేదాన్ని. ఒకరి దేవుడు ఒకరికి అడ్డం రాలేదు.

వీధి చివర వినాయకుడి గుడికి మాల నా దగ్గరే పోయేది. తీసుకుపోయేది ఎదురింటి వదిన. ఒకరోజు ఆమె వాకిట్లో నిలబడి ఉండగానే ఈ పిల్ల గుడి బుట్టలోంచి మరువం గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని, నిండుగా వాసన పీల్చింది.

దేవుడికి పోయే పూలను మేము వాసన చూడం. మొదటి వాసన ఆయనది. ఇది మా ఇళ్లలో ఒకరు చెప్పి ఒకరు నేర్చుకునేది కాదు, నడక వచ్చినట్టు వస్తుంది. అందుకే ఆ పిల్లకు చెప్పాలని నాకు తట్టనే లేదు.

"అయ్యో, అయ్యో! సూడు వదినా, సామి పూలు ఎంగిలి చేసె!" అని వదిన వీధి వినేట్టు అరిచింది.

పిల్ల బెదిరిపోయింది. "తప్పా అక్కా? మా అమ్మ చర్చికి పూలిచ్చే ముందు వాసన చూస్తుంది. వాడినవి దేవుడికి పోకూడదని."

వదిన ఆగలేదు. "ఇన్నాళ్లు ఎన్ని బుట్టలు ఇట్ల చేసిందో! ఏమీ చేయలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

"చేస్తాను. పద. బస్సు టికెట్లు నువ్వు తియ్యి," అన్నాను.

నేను బుట్ట ఎత్తి పక్కన పెట్టినాను. "ఈ బుట్ట సామికి పోదు. అది నాకూ తెలుసు. పూలు పనికిరావంటే ఒప్పుకుంటాను వదినా. పిల్ల పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను."

"దాన్ని పంపించు. లేదంటే గుడి మాల ఇంకో చోట చూసుకుంటాం."

"చూసుకోండి."

ఆ బుట్ట పూలన్నీ జడలోకి కట్టినాం. ఒక మూర నా కొప్పులో పెట్టుకొని, ఒక మూర దాని సన్న జడల చుట్టూ చుట్టి, "ఇవి నీవి. ఎంత కావాలంటే అంత వాసన చూసుకో," అన్నాను. ఏడుస్తా నవ్వింది.

గుడి మాల పోయింది. దాని వెనకే వీధిలో నలుగురూ నా దగ్గర పూలు కొనేది మానుకున్నారు. అట్లాంటప్పుడు కాలేజీ సారు పరీక్షకు వచ్చినాడు. పిల్ల చాప మీద కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకొని ఉంది. నేను దాని పక్కన కూర్చున్నాను.

"ఆ గుడ్డ తియ్యి. ఊపిరి తీసుకునేది తప్పు కాదు. తెలియక చేసినావు, తెలుసుకున్నావు. అంతే."

తీసేసింది. సారు చుట్టూ చూసి, "అమ్మా, మాల ఎవరో అడగాల గదా. ఆర్డరు యాడ?" అన్నాడు.

పిల్ల తల వంచుకుంది. ఆ క్షణంలో నాకు నా నాయన బొగ్గు అక్షరాలే కళ్ల ముందు నిలిచినాయి.

"ఆర్డరు నాదే సార్. మా ఇంటి వెంకటేశ్వరుడికి. ఈ పొద్దు ఆయన మెడలో ఈ పిల్ల కట్టిన మాలే పడాల."

సారు నవ్వినాడు. "ఇంట్లో దేవుడు కస్టమరు అవుతాడా అమ్మా?"

"కస్టమరు కాదు సార్. ఈ ఇంటికి యజమాని. ఆయన ఒప్పుకోకపోతే మాల నిలవదు, చూడండి."

చామంతి, మరువం, నడుమ గులాబీ. ఒక్క ముడీ జారలేదు. పిల్ల ఒక్కసారీ చేతిని ముక్కు వైపు తీసుకుపోలేదు. కట్టడం అయినాక మాల నా చేతికిచ్చింది. పటానికి వేసి, హారతి ఇచ్చి, కళ్లకద్దుకున్నాను. సారు మాటలేమీ పెంచకుండా సంతకం పెట్టినాడు. ఆయన చల్లగా ఉండాల.

ఆ పిల్ల ఫోన్లో తల్లికి పటం చూపించింది. అవతల నుంచి ఆమె ఏదో అడిగింది. నాకు ఆ భాష రాదు. పిల్లే చెప్పింది: "ఎవరి మెడలో అని అడుగుతుంది అక్కా." చెప్పినాక, మాలను ఇంకా దగ్గరగా చూపించమనింది ఆ తల్లి.

పిల్ల వాళ్ల దేశానికి పోయి అంగడి పెట్టుకుంది. ఎదురింటి వదిన ఇప్పటికీ మాల ఇంకో చోటే కొంటుంది. కొననీ. నా వసారాలో చాప పరిచే ఉంది. ఏ దేశం పిల్ల వచ్చినా ఆటో పెద్దాయన దించిపోవచ్చు. దేవుడి పూలను వాసన చూడకూడదని మొదటిరోజే చెప్తాను.

చదివే తల్లులారా, అయ్యలారా, నాది ఒక్కటే మనవి. ఆ కెన్యా తోటల పూలు మన ఊరికి వస్తాయో రావో నాకు తెలియదు. కానీ ఎప్పుడైనా గులాబీ మీ చేతికి వస్తే, పూలు పెట్టెల్లో సర్దుతా, అవి ఎవరి మెడలో పడతాయో అన్నేళ్లు చూడకుండా ఉండిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.