సఫియా పరిచిన గడ్డి

బచ్చన్నపేట దిక్కు చేనంటే ఊడ్చిన వాకిలి లెక్కుండాలె. గడ్డి పరక కనవడ్డదా, ఆ ఇంటి ఆడామె పనికిమాలినదని పేరు పడ్డట్టే. గసొంటి ఊర్లె సఫియా బేగం టమాట చేను నిండ వరిగడ్డి తెచ్చి పరిచింది. ఇగ జూడున్రి, ఊరంత ఒక్కటే నవ్వుడు!

"ఏందక్కా, బర్రెలకు పరుపేసినవా?" అని పక్క చేను లచ్చయ్య గెట్టు మీదికెళ్లి ఒర్రిండు.

సఫియాకు ఈ తెలివి ఎవ్వలూ చెప్పలే. పోయిన ఎండకాలం గడ్డివామి తీస్తుంటే అడుగు మట్టి చూసింది. చుట్టుముట్టు నేలంత పర్రెలువాసింది గని, వామి కింద తడి ఆరలే, ఎర్రలు గూడ మెసులుతున్నయి. గీ గడ్డి టమాటకు గూడ పనికొస్తదనుకున్నది. కోత మిషన్ పోయినంక అందరు గడ్డికి అగ్గి వెట్టవోతుంటే, ఆమె అడిగి అడిగి మోసుకొచ్చుకున్నది.

చేను ఆమెది గాదు, పెంటయ్య పటేల్‌ది. కౌలు మాట ఉగాది నుంచి ఉగాది దాకనే. చేను పోతే ఇల్లు గడవదు. మొగడు అబ్బాస్ పంక్చర్ దుకాణం మీద వచ్చేది చాయ్‌పత్తాకే సరి.

మొదట్లనే దెబ్బ తిన్నది. మిషన్ గడ్డిల గింజలు మిగులుతయన్న సోయి లేకపాయె. దులుపకుంట పరిచింది. టమాట మొక్కల నడుమ వరి నారు పచ్చగ లేచింది. మొదళ్లకు ఆనిచ్చి పరిచినకాడ చెదలు గూడ పట్టింది.

పెంటయ్య వచ్చి చూసి మండిపడ్డడు. "చేనా ఇది, పెంటకుప్పనా? గడ్డంత ఎత్తి కాలవెట్టు. లేకుంటే ఉగాదికి చేను ఇడువు."

"ఎత్తను పటేలా. ఉగాది దాక చేసేది నేను. అందాక నా ఇష్టం."

అన్నదంటే అన్నది గని, ఇంటికి వోయి ఏడ్చింది. తెల్లారి మళ్ల చేన్లనే ఉన్నది. వంగి వంగి వరి నారంత పీకింది. మొదలు కాడ బెత్తెడు జాగ ఇడిచి గడ్డిని అవుతలికి జరిపింది. నడుము వడిపోయింది, గడ్డి మాత్రం ఎత్తలే.

శివరాత్రి పోంగనే ఎండలు ముదిరినయి, బోర్లు సన్నగైనయి. లచ్చయ్య టమాట పొద్దెక్కంగనే తల వాలుస్తుండె. సఫియా గడ్డి పక్కకు జరిపితే కింద మట్టి సల్లగ, మెత్తగ చేతికొచ్చింది. కలుపు లేదు, నీళ్లు సగమే వట్టినయి. కాయ మట్టికి తాకక ఒక్కటి గూడ మురగలే. డబ్బాలకు డబ్బాలు జనగామ మార్కెట్‌కు వోయినయి. నవ్విన లచ్చయ్యనే వచ్చి, "అక్కా, జర నాకు గూడ చెప్పరాదె," అన్నడు. చెప్పింది, ఎందుకు చెప్పదు!

ఉగాది ముంగట పెంటయ్య వచ్చిండు. ఇంత మట్టి తీసి పిసికి చూసిండు.

"మట్టి మంచిగైంది సఫియా. ఇగ నేనే చేసుకుంట."

ఆమెకు ఒళ్లు మండింది. "నిన్నమొన్నటి దాక పెంటకుప్ప అంటివి. ఇయ్యాల ముద్దొచ్చిందా పటేలా?"

"చేను నాది," అన్నడు ఆయన, మొకం చూడకుంట. గంతే. సిగ్గన్నా ఉండాలె మనిషికి!

పండుగ ఎల్లంగనే పెంటయ్య చేసిన మొదటి పనేందో ఎరుకనా? ఆ గడ్డినంత కుప్పేసి అగ్గి వెట్టుడు. పొగ వోయి గుట్ట కింద సఫియా కండ్లల్ల వడ్డది. అక్కడ అబ్బాస్ వాటాకొచ్చిన గులకరాళ్ల చెల్క ఉన్నది. నీళ్లు లేవని ఎన్నడూ ఎవ్వలూ దున్నలే. లచ్చయ్య తన బోరు నుంచి ఇన్ని నీళ్లు ఇడుస్తనన్నడు. సగం నీళ్లతోని ఎట్ల పండించాల్నో ఇప్పుడామెకు ఎరుకే. మొగడు పెండ్లాం ఇద్దరు గడ్డి గింజ లేకుంట దులిపి పరుస్తున్నరు.

పెంటయ్య బాట మీద ఆగిండు. "మట్టే లేదు గదనే! గీ రాళ్లల్ల ఏం పండిస్తవ్?"

సఫియా నడుము ఎత్తకుంటనే జవాబిచ్చింది.

"మట్టినే పండిస్త పటేలా. రెండు మూడేండ్లకు గిది గూడ నీ కండ్లల్ల వడ్తది. గప్పుడు రా, చూసి పో. ఇది మాత్రం నాది."