కుళాయి పక్క తావు

కూర్మమ్మ నోట్లో నువ్వుగింజ నానదని విజయనగరం చేపల బజారంతా అనేవారు. దాచుకోవడం ఆమెకు చేతకాదు, ఇంకొకళ్లను దాచుకోనివ్వడమూ చేతకాదు. కవళ్ల చేపలు తూచి సంచిలో పోసేలోపు, కొనేవాళ్ల ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరికి సంబంధం కుదిరిందో, ఏ అల్లుడు అలిగి వెళ్లాడో రాబట్టేసేది. "సేప కడుపులో ఏటున్నాదో కోస్తేగాని తెలీదు. మడిసినైతే అడిగితే సాలు" అనేది. అలాంటి మనిషికి ఆ ఏడు దసరా రోజుల్లో రెండు తలుపులు ఒక్కసారే మూతపడ్డాయి.

మొదటిది ఊరి తలుపు. రాష్ట్రాన్ని రెండు ముక్కలు చేస్తున్నారన్న కబురుకి ఊరు భగ్గుమంది. బస్సులు అప్పటికే ఎన్నాళ్ల నుంచో డిపోలో పడుకున్నాయి. కరెంటోళ్లు కూడా సమ్మెలోకి దిగి ఇళ్లు చీకటి చేశారు. గంటస్తంభం వైపు నుంచి టైర్లు కాలిన కంపు, ఆ తర్వాత రాళ్లు, లాఠీలు, ఆ పైన కర్ఫ్యూ.

రెండోది ఇంటి తలుపు. మనవరాలు హేమకి అమ్మవారు పోసింది. అదే వీధిలో ఇంకా కొన్ని ఇళ్లలో పిల్లలు అలాగే పడున్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మవారున్న ఇంట్లో తాలింపు చిటపటలాడకూడదు. నీసు గడప లోపలికి రాకూడదు. పిల్లకి ఆఖరి నీళ్లు పోసి అమ్మవారిని సాగనంపేదాకా ఇంటివాళ్లు నలుగురిలోకి వెళ్లకూడదు. కొడుకు గంగరాజు సరుకు కోసం ఆటో వేసుకుని ముక్కాం రేవుకి వెళ్లి, కర్ఫ్యూ పడేసరికి అక్కడే చిక్కుబడ్డాడు. వాడికి చిన్నప్పుడు అమ్మవారు పోయలేదు కాబట్టి, దారి తెరిచినా ఇంటికి రావద్దని ఫోనులోనే చెప్పేశారు.

ఇంట్లో మిగిలింది కూర్మమ్మ, కోడలు దుర్గ, మంచం మీద గోక్కోకుండా చేతులకు గుడ్డలు చుట్టిన పిల్ల. కూర్మమ్మ కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి పెరట్లోకి తిరుగుతూనే ఉంది. వీధిలో జీపు వెళితే కిటికీ దగ్గర, ఆగితే తలుపు దగ్గర.

నాలుగో పూట కాబోలు, మైకు కట్టిన జీపు వచ్చి, మర్నాడు పొద్దున్న కాసేపు కర్ఫ్యూ సడలిస్తామని, కూరలూ పాలూ కొనుక్కోవచ్చని చెప్పింది. వీధంతా ఊపిరి పీల్చుకుంది. కూర్మమ్మకు మాత్రం ఊపిరి ఆడలేదు.

ఎందుకంటే ఆ బజారులో తావులకు పట్టాలూ కాగితాలూ లేవు. కూర్చున్నవాళ్లదే తావు. పండక్కో, తుఫానుకో బజారు చాలా రోజులు మూతపడి మళ్లీ తెరిస్తే, ఆ మొదటి రోజు ఎవరు నీళ్లు చల్లి పీట వేస్తే తావు వాళ్లది. ఎప్పటి నుంచో అదే కట్టడి. కుళాయి పక్కన, గోడ నీడ పడే తావు కూర్మమ్మది. మధ్యాహ్నం దాకా ఎండ తగలదు, చేప వాడదు, నీళ్లకు లేవక్కర్లేదు. అది కూర్మమ్మ అత్తగారు ఒక పెద్ద తుఫాను మర్నాడు, ఇంకొకరి తావులో పీట వేసి సంపాదించినదే. అందుకే ఆ తావు ఎలా పోతుందో కూర్మమ్మకు బాగా తెలుసు. పక్కన ఎండలో కూర్చునే దాలమ్మ కన్ను దాని మీదే ఉందనీ తెలుసు.

తెల్లారకుండానే చేతులకంటిన పసుపు ఇసకతో తోముకుంటున్న అత్తగారిని చూసి దుర్గకు సంగతి అర్థమైంది.

"పిల్ల ఒళ్లింకా ఆరనేదత్తా. నువ్వు గడప దాటితే అమ్మోరికి కోపమొస్తాది."

"అమ్మోరికి నాను సెప్పుకుంటాను. తావు పోతే ఎవలకి సెప్పుకోవాలే?"

దుర్గ పిల్ల పక్కకు వెళ్లి వేపరెమ్మతో విసరడం మొదలుపెట్టింది. ఆ విసురు చప్పుడు వీధి మలుపు దాకా కూర్మమ్మ చెవుల్లోనే ఉంది.

రాత్రి తల్లి ఫోనులో సరుకు తెమ్మంటే వచ్చి, బజారు మొదట్లో గంగరాజు ఆటో ఆపి, కానాగంత చేపల గంప దూరంగా దించాడు. నువ్వు గడప దాటి రావద్దన్నాను కదా అన్నట్టు తల్లి వంక చూశాడు. ఆమె చూడనట్టు గంప ఎత్తుకుంది. నీళ్లు చల్లింది, పీట వేసింది, కూర్చుంది. అప్పటికి దాలమ్మ రాలేదు. హమ్మయ్య అనుకోవాల్సింది. కానీ గోళ్లలో పసుపు మిగిలిందేమోనని మళ్లీ చూసుకుంది.

జనం తోసుకొచ్చారు. చేప మొప్ప ఎత్తి చూసేవాళ్లు లేరు, బేరం ఆడేవాళ్లు లేరు, పోలీసు ఈల ఎప్పుడు వినబడుతుందోనని మెడలు తిప్పుకుంటూ చేతులు చాపేవాళ్లే. కూర్మమ్మ తలెత్తకుండా తూచి పోసేసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఎదుటివాళ్లు మీ ఇంట్లో ఎలా ఉన్నారని అడుగుతారు. ఎప్పుడూ కొనే మేష్టారి భార్య బాలసరస్వతిగారే, ఒంట్లో బాగోలేదా కూర్మమ్మా, మాట్లాడవేం అని అడిగి వెళ్లారు.

దాలమ్మ వచ్చింది. కూర్మమ్మ తావులోనే ఉండటం చూసి మూతి తిప్పింది.

"కాకి కన్నా ముందొచ్చీసినావేటి వొదినా."

"కాకులొస్తాయని తెలిసే వొచ్చినాను."

దాలమ్మ వెనకే ఆమె కూతురు నూకరత్నం. పురిటికి పుట్టింటికొచ్చి కర్ఫ్యూలో ఉండిపోయింది. సడలింపు కాసేపే కదా, తల్లి ఒక్కతీ అమ్మలేదని చంటిపిల్లను చంకనేసుకుని తోడొచ్చింది. గంప దించాలి, చెయ్యి ఖాళీ లేదు. కూర్మమ్మ వైపు పిల్లను చాపింది.

"కూర్మత్తా, ఒక్క పాలి పట్టుకో."

బజారులో పుట్టిన ప్రతి పిల్లనూ ముందు ఎత్తుకునేది కూర్మమ్మే. ఎవరి ముక్కు వచ్చిందో, ఎవరి రంగు వచ్చిందో తేల్చేదీ ఆమే. ఇప్పుడు ఆ చేతులు ఒళ్లోంచి లేవలేదు. నీసు చేతులే అంది. నూకరత్నం నవ్వి, నీసు లేని సేతులు ఇక్కడెవలకున్నాయి అంటూ, నీడగా ఉందని పిల్లను కూర్మమ్మ పీట పక్కన పరిచిన గోనె మీద పడుకోబెట్టబోయింది.

కూర్మమ్మ చటుక్కున లేచింది. తక్కెడ పళ్లెం దొర్లిపోయింది.

"ఒసే, ఆ గుంటని తియ్యి. ఇక్కడెట్టకు. మా ఇంట్లో అమ్మోరున్నాది."

పోలీసు ఈలకు కూడా అంత తొందరగా జనం విడిపోలేదు. చేతిలో చేపలున్నవాళ్లు వాటిని గంపలోకి విసిరేశారు. నూకరత్నం పిల్లను గుండెకదుముకుని గోడవతలికి వెళ్లిపోయింది. దాలమ్మ కూర్మమ్మ వంక చూడకుండా కూతురి వెనకే పోయింది. తిట్టినా బాగుండేది. కూర్మమ్మ గంపా పీటా తక్కెడా అక్కడే వదిలి, నడి వీధిన, ఎవరికీ తగలకుండా ఇంటికి నడిచింది. తావు పోయిందని దారిలోనే అనుకుంది. ఇంటికి చేరాక ఆ పసిదాని మొహం తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత సడలింపు పొడిగించారు. పొద్దున్నే కిటికీ బయట సంచులతో పోయేవాళ్లు కనిపించేవారు. సంచిలో ఏం చేప, ఎవరి దగ్గర కొన్నారు, కుళాయి పక్కన ఎవరు కూర్చున్నారు? గొంతు దాకా వచ్చిన ప్రశ్నలను మింగేది. దుర్గ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. మజ్జిగన్నం ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆ అన్నం దిగేది కాదు.

హేమ పొక్కులు ఎండి రాలాయి. వేపాకూ పసుపూ వేసి ఎండలో పెట్టిన నీళ్లతో ఆఖరి స్నానం చేయించారు. చద్దీ చలివిడీ పెట్టి అమ్మవారిని సాగనంపారు. గుమ్మం మండలు తీశారు. ఇంచుమించు అప్పుడే కర్ఫ్యూ కూడా ఎత్తేశారు. దుర్గ కొత్త గంప ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టింది. కాలవ గట్టు మీదైనా కూర్చుంటాననుకుని కూర్మమ్మ బయల్దేరింది.

బజారు కిటకిటలాడుతోంది. ఆడవాళ్లు ఎండలో భుజానికి భుజం రాసుకుని ఇరుక్కుని కూర్చున్నారు. కుళాయి పక్క నీడ మాత్రం ఖాళీగా ఉంది. పీట వేసింది వేసినట్టే ఉంది. కాకులు ఖాళీ చేసిన గంప అంచున ఎండిన పొలుసులు మెరుస్తున్నాయి. మధ్యలో ఎవరో వేపమండ గుచ్చారు. కూర్మమ్మ నెత్తిన గంప దించకుండా అలాగే చూసింది.

దాలమ్మ చెమట తుడుచుకుంటూ విసుక్కుంది. "ఏటలా సూస్తావు? అమ్మోరు కూకున్న తావులో ఎవలు కూకుంటారే? నీ సేత్తోనే పసుపు నీలు పొయ్యాల. కుళాయి కూడా ముట్టుకోనేక నీలు మోసి సస్తన్నాం."

కూర్మమ్మ పసుపు నీళ్లు అడగలేదు. ముందు అడిగింది ఒకటే. "గుంటెలాగున్నాదే?"

దాలమ్మ కోస్తున్న చేప తల తీసి పక్కన పడేసింది. "ఇప్పటికి సల్లగానే ఉన్నాది" అంది.

ఇప్పటికి. కూర్మమ్మ పసుపు నీళ్లు పోసింది, పీట కడిగింది, నీడలో కూర్చుంది. కూర్చుందేగాని నిలకడ లేదు. అమ్మవారు అంటుంటే పొక్కులు లేచే గడువు దాటేదాకా, మరి రెండు వారాలు అలాగే గడిచాయి. ఏ ఇంటి సంగతీ అడగకుండా, పొద్దున్నే ముందు దాలమ్మ మొహం చూసేది. అడగకముందే దాలమ్మ కత్తి పక్కన పెట్టి అడ్డంగా తలూపేది.

"ఏటీ నేదు. సేపలు తూసుకో."