సేవకుడి కవరులో ఎంత పెట్టాలి

బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడికి ఎంత ఇవ్వాలో మా సంఘంలో ఎవరూ పైకి అనరు. అనడం తప్పనుకుంటారు. తెల్ల కవరులో పెట్టి, అంటించి, రెండు చేతులతో ఇస్తాం. ఆయన విప్పి చూడకుండా సంచిలో వేసుకుంటాడు. లోపల ఎంత ఉండాలన్నది కోశాధికారికే వదిలేస్తారు. హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలోని మా రేకుల చర్చికి తొమ్మిదేళ్లుగా ఆ కోశాధికారిని నేను.

నేను చదివింది ఏడో తరగతి. అఫ్జల్‌గంజ్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో బస్తాలు మోస్తూ, సేటు బిల్లులు రాస్తుంటే పక్కన నిలబడి చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా ఆ బిల్లులు నేనే రాస్తున్నాను. కంప్యూటర్ వచ్చాక కూడా సేటు ముందు నా కూడికే అడుగుతాడు. సంఘం నన్ను ఎన్నుకున్నదీ అందుకే.

పోయిన చలికాలంలో మూడు రోజుల ప్రార్థన కూడికలు పెట్టి, కోస్తా వైపు నుంచి ఒక పెద్దాయనను పిలిచాం. అంతకుముందు ఏడాది వచ్చినాయనకు పది వేలు ఇచ్చాం. ఈసారి టెంటు, మైకు, భోజనాలు పోను ఐదు వేలు మిగిలాయి. పాస్టర్ గారిని అడిగితే, "ప్రభువు నీకు ఎట్ల తోపిస్తే అట్ల చెయ్యి బ్రదర్" అన్నారు. మిగిలిందే నాకు తోచింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కవరు ఇచ్చాను. ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నొక్కి చూసి, సంచిలో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ప్రసంగం చివర్లో గొంతు తగ్గించి అన్నాడు. "దేవుని సేవకుడి దగ్గర బిగబట్టిన చెయ్యి ఉంటదే, అది చచ్చుబడిపోద్ది. ఒక ఊళ్లో నా కళ్లతో చూశాను."

జనమంతా ఆమేన్ అన్నారు. అలవాటుకొద్దీ నేనూ అన్నాను. అన్న తర్వాత అర్థమైంది. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, మనిషి కోపమని సరిపెట్టుకునేవాణ్ణి, దేవుడి మాట అనుకునేవాణ్ణి కాదు.

మర్నాటి నుంచి నాకు తెలియకుండానే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వారం గడిచింది, ఏమీ కాలేదు. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున శనగపప్పు బిల్లు రాస్తుంటే కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కాయి. విదిలించినా పోలేదు. పెన్ను జారి కింద పడింది.

"క్యా మునీమ్ సాబ్, సున్నాలు కోడిగుడ్ల లెక్క రాస్తున్నవ్?" అన్నాడు సేటు. నవ్వాను. వంగి పెన్ను తీసుకున్నాను. రాయలేని గుమాస్తాను ఏ సేటూ ఉంచుకోడు. ఈ వయసులో మళ్లీ బస్తాలు మోయలేను.

ఇంట్లో చెప్పలేదు. మూడో రోజుకు మా ఆవిడే పట్టేసింది.

"ఏందయ్యా, చాయ్ ఎడమ చేత్తోని తాగుతున్నవ్?"

"ఊకనే."

"ఊకనే ఏంది? అంగీ గుండీలు గూడ ఎడమ చేత్తోనే పెట్టుకుంటున్నవ్. నాకు కండ్లు లేవా?"

మొత్తం చెప్పాను. పిచ్చోడివని నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. "కవర్ల ఎంత పెట్టినవ్?" అని అడిగింది.

"అయిదు వేలు."

"పోయినసారి పది గదా" అని, లోపలికి వెళ్లిపోయింది. అప్పటిదాకా సగమే ఉన్న భయం ఆ మాటతో పూర్తయింది.

సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ మోచేతి మీద ఒకచోట తట్టింది. వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు పాకింది. రోజూ ఎట్లా కూర్చుంటావని అడిగింది. బల్ల అంచున మోచెయ్యి ఆనించి రాస్తానని చెప్పాను. నరం నలిగిందని, ఆ అలవాటు మానాలని, బాగుపడడానికి నెలలు పట్టవచ్చని చెప్పి బిళ్లలు రాసిచ్చింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఇరవై ఆరేళ్లుగా నలగని నరం సరిగ్గా పదకొండో రోజే ఎందుకు నలగాలి? ఎన్ని రకాలుగా కూడినా ఆ లెక్క నాకు తేలలేదు. పోస్టాఫీసు పొదుపులోంచి పది వేలు తీసి కవరులో పెట్టాను. తగ్గింది ఐదే. రెండింతలు కడితే వడ్డీతో సహా తీరిపోతుందనుకున్నాను.

ఆ పెద్దాయన చాంద్రాయణగుట్ట దగ్గర ఇంకో చర్చికి వచ్చాడని తెలిసి, దుకాణంలో సెలవు అడిగి మధ్యాహ్నమే వెళ్లాను. చర్చి వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాచిన కాళ్లు వేడినీళ్ల బకెట్‌లో పెట్టుకుని ఉన్నాడు. వందనం చేసి ఎదురుగా కూర్చుని, నేనెవరో చెప్పాను.

"జహనుమానా? గుర్తు రావట్లేదు తమ్ముడూ. ఈ ఏడు చాలా చోట్ల తిరిగాను."

"చెయ్యి చచ్చుబడతదని చెప్పిండ్రు గద అయ్యగారూ."

"అదా. ఆఖరి రోజు ఎక్కడైనా చెప్తాను." నా చెయ్యి వైపు చూశాడు. నేను దాన్ని ఒళ్లో పెట్టుకున్న తీరు చూసి ఆయన ముఖం మారింది. "నీకేమైంది?"

చెప్పాను.

"అట్టా చెప్పకపోతే బస్సు చార్జీలు చేతిలో పెట్టి పంపిచ్చేస్తారు తమ్ముడూ. నాకు జీతం లేదు. ఇంతివ్వండని అడిగితే సేవను అమ్ముకుంటున్నాడంటారు. బియ్యం కొట్టువాడు ఊరుకుంటాడా?"

"ఒక ఊర్ల కండ్లతోని చూసిన అన్నరు?"

"చూశాను. పక్షవాతం వచ్చినాయన. ఆయన ఎవరికి ఏం ఇచ్చాడో, ఇవ్వలేదో, నాకేం తెలుసు."

నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాడు. జేబులోని కవరు తీయకుండానే వచ్చేశాను.

నిజం తెలిసింది కాబట్టి భయం పోవాలి. పోలేదు. బస్సు ఫలక్‌నుమా దాటుతుంటే, ఇప్పుడు రెండోసారి బిగబట్టానన్న ఆలోచన వచ్చింది. వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఇల్లు చేరాను.

తర్వాతి సంఘ కమిటీ మీటింగులో నేనే లేచి అడిగాను. ఎవరిని పిలిచినా ఇన్ని ప్రసంగాలకు ఇంత, రాకపోకలకు ఇంత అని పిలిచేటప్పుడే చెప్పాలి. ఇచ్చినప్పుడు సంతకం తీసుకోవాలి. సంఘంలో చదివి వినిపించాలి.

మా పెద్దల్లో కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. "సువార్తకు రేటు కడ్తవా తమ్మీ? గట్లయితే ఆటోకు లెక్క మీటర్ గూడ పెట్టు" అన్నాడు. అందరూ నవ్వారు.

"మీటర్ ఉంటే లొల్లి ఉండదన్నా. ముందే చెప్తే ఆయనకు ఫికర్ ఉండదు, మనకు భయం ఉండదు."

"భయం లేకుంటే ఎవడిస్తడు?" అన్నాడాయన. ఈసారి ఎగతాళి చేయడం లేదు. "ముప్పై ఏండ్లు పోల్ ఎక్కిన. ఎక్కినప్పుడల్ల పానం గుప్పిట్ల పట్టుకున్న. గందుకే జీతంల పదో వంతు చర్చికిచ్చుడు ఒక్క నెల తప్పలే. ప్రేమతోని ఇస్తమంటరు మీరంత. నాకైతే భయమే."

ఒక ఏడాది చూద్దామని చివరికి నా మాటే నెగ్గింది. చేతులెత్తినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన తర్వాత కానుకల సంచి బల్ల మీద గుమ్మరించాను. పదులు ఒకచోట, వందలు ఒకచోట పేర్చాను. నాలుగు మడతలు పెట్టినవి ఉన్నాయి, చెమటకు మెత్తబడినవి ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే. ఆ రోజు ప్రతి నోటూ విప్పుతూ, దీన్ని వేసినవాళ్లు దేనికి భయపడ్డారో అనుకున్నాను.

అందులో నాదీ ఉంది. వేళ్లు తిమ్మిరెక్కిన వారం నుంచి మామూలుగా వేసేదానికంటే రెండు వందలు ఎక్కువ వేస్తున్నాను. చెయ్యి ఇప్పుడు సగం నయమైంది, పెన్ను నిలుస్తోంది. ఆ రెండు వందలు ఆపేయాలని ప్రతి శనివారం అనుకుంటాను. ఆపడానికి భయంగా ఉంది.