కాపలా కాసిన ఓటు

నార్త్ యార్క్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ ఆంటీది శ్రీలంక ఉత్తరాన ఒక పల్లె. నాది చిత్తూరు జిల్లా. ఆవిడ తమిళం నాకు ముప్పాతిక అర్థమయ్యేది, మిగతా పాతికకు ఇంగ్లీషు ఉండనే ఉంది. యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు వాళ్ళ వైపు ప్రొవిన్షియల్ కౌన్సిల్ ఎన్నికలు పెట్టారు. మన అసెంబ్లీ ఎన్నికల్లాంటివే అనుకోండి.

ఎన్నికలు వారంలో ఉన్నాయనగా ఊళ్ళో ఉన్న ఆంటీ వాళ్ళక్కకు రెండు పోలింగ్ కార్డులొచ్చాయి. ఒకటి తనది, ఇంకొకటి భర్తది. ఆయన యుద్ధం చివరి రోజుల్లో కనిపించకుండా పోయాడు. ఏటా ఓటర్ల ఫారం ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ తన పేరుతోపాటు ఆయన పేరూ రాసి పంపేది. రాయొద్దని ఆంటీ ఎంత చెప్పినా వినేది కాదు. కొట్టేస్తే నా చేత్తో నేనే చంపుకున్నట్టు అనేదట.

నాకు నోరు ఊరుకోదు. ఎన్నికల గురించి మనకు తెలియనిదేముంది? ఆంటీ వాళ్ళక్కతో మాట్లాడుతున్న ఫోన్ స్పీకర్‌లో ఉండగానే అందుకున్నాను.

"ఆంటీ, మా వైపైతే అలాంటి పేరు దొరికితే వదలరు. పొద్దున పదికల్లా ఎవడో ఒకడు దొంగ ఓటు వేసేసి పోతాడు. ఇకనైనా ఆ పేరు తీయించేయమనండి."

గొప్ప మాట చెప్పానని నా ఉద్దేశం. అవతలి నుంచి అక్క నన్నే అడిగింది, "అలా వేస్తే, ఆయన వచ్చి వేసినట్టే రాసుకుంటారా?"

"అలాగే రాసుకుంటారు."

"సరేనమ్మా," అని పెట్టేసింది.

పోలింగ్ శనివారం. వాళ్ళకు పోలింగ్ ముగిసే సాయంత్రం నాలుగంటే మాకు పొద్దున ఆరున్నర. ఏడు కావస్తుండగా ఆంటీ ఫోన్ పట్టుకుని మా తలుపు కొట్టింది. అక్క పొద్దున్నే అందరికంటే ముందు ఓటు వేసిందట, వేసి ఇంటికి రాలేదట. పోలింగ్ జరిగే బడి గేటు దగ్గరే కూర్చుంది. పోలీసు లేపితే రోడ్డవతలికి జరిగింది. లోపలి ఆఫీసరుకు మాత్రం చెప్పిపెట్టింది, మా ఆయన పేరు మీద ఎవరొచ్చినా నన్ను పిలవండి, ఆయన మొహం నాకు తెలుసు అని. కుట్టు మిషన్ పని మానుకుని తొమ్మిది గంటలు ఎండలో కూర్చుంది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. సలహా ఇచ్చే ముందు ఆ మాట ఎవరి చెవిన పడుతోందో చూసుకోవద్దూ? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా అక్క అని ఆంటీ కళ్ళు తుడుచుకుంటూనే తిడుతోంది.

ఫోన్‌లో అక్క గొంతు మాత్రం నిబ్బరంగా ఉంది. పెట్టెకు సీలు వేశాక ఆఫీసరే బయటికి వచ్చి చెప్పాడట, జాబితాలో ఆయన పేరు మీద గీత పడలేదని.

"ఎవరూ వేయలేదు," అంది. మళ్ళీ తనే, "ఆయనా రాలేదు," అంది.

ఆంటీ ఏదో అనబోయింది. అక్క అననివ్వలేదు.

"ఆ అమ్మాయి పక్కనే ఉందా? మళ్ళీ ఎలక్షన్ ఎప్పుడొస్తుందో కనుక్కోమను. ఈసారి గొడుగు తీసుకెళ్తాను."