బంగారపేట దాటాక పాట ఆగేది

పోయిన శుక్రవారం నేను బెంగళూరులో, పనిచేసే బట్టల దుకాణంలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయిందమ్మా, నిద్రలోనే" అంది. ఎదురుగా ఒకావిడ చీర రంగు వెలుస్తుందా అని అడుగుతోంది. వెలవదన్నాను. ఆ తర్వాత ఆమెకేం చెప్పానో గుర్తు లేదు.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. కోలారు బంగారు గనుల దగ్గరి మా ఊరు ఊరిగాంలో, మా పక్కింట్లో ఉండేది. గని కార్మికుడి భార్య. గని మూతపడ్డాక, భర్త కూడా పోయాక, బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజాము రైలే.

నాన్న పక్షవాతంతో మంచం పట్టేనాటికి నేను పీయూసీ పాసై బీకాం చదవాలని ఆశపడుతున్నాను. తమ్ముడింకా హైస్కూల్లో ఉన్నాడు. ఇంటికి జీతం తెచ్చే మనిషి కావాలి కనుక ఈ దుకాణంలో చేరి, రోజూ పెద్దమ్మతో పాటే రైలెక్కాను. కాలేజీ మాటెత్తితే అమ్మ దిగులుగా చూసేది. "ఇంగ కాలేజీ యాడమ్మా, ముందు ఇల్లు నడవనీ" అనేది.

ఒక ఆదివారం పెద్దమ్మ చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది.

"పాప పని మానద్దు, చదువూ మానద్దు. దూరవిద్యలో చేర్చమ్మా. రైల్లో పోను రాను టైం ఉండాది కదా, దాన్ని యాడ దాచుకుంటాము?"

రైల్లో చదవడమా! మా బోగీ సంగతి తెలిసినవాళ్ళకు నవ్వొస్తుంది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పాటలే. ఒక క్రీస్తు కీర్తన, ఒక రాముడి భజన, మధ్యలో ఏదో తమిళ పాట. ఎత్తుకునేది పెద్దమ్మే. పక్క వరసలో పేకాడే గుమాస్తా మామ కూడా తాళం వేసేవాడు. అలాంటి మనిషి, నేను చదువులో చేరిన వారమే హుకుం జారీ చేసింది. బంగారపేట దాకానే, అంటే మొదటి అరగంటే పాట, తర్వాత ఎవరూ నోరెత్తకూడదు.

"రైలేమన్నా లైబ్రరీనా అక్కా?" అన్నాడు మామ.

"పాప పాసయ్యేదాకా లైబ్రరీనేప్పా."

మొదటి రోజే అభాసుపాలైంది. మావాళ్ళకు పాటను బట్టి స్టేషన్ గుర్తుపట్టే అలవాటు. ఏ పాట వస్తే సంచులు సర్దుకోవాలో అందరికీ తెలుసు. ఆ రోజు పాట లేకపోయేసరికి హాయిగా నిద్రపోయారు. మామా, ఇంకొందరూ తాము దిగాల్సిన కృష్ణరాజపురం దాటిపోయి, తిట్టుకుంటూ కంటోన్మెంట్‌లో దిగారు. మర్నాటి నుంచి పెద్దమ్మే ఒక్కొక్కరి భుజం తట్టి లేపేది. బంగారపేట తర్వాత పాట మాత్రం తిరిగి రాలేదు.

ఆమెకు పాటంటే ప్రాణం. పగలంతా రోగుల మధ్య పని, ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. గొంతు విప్పేది ఆ రైల్లోనే. అందులో ఎక్కువ భాగం నాకిచ్చేసింది. ఆమె పెదవులు కదులుతుంటే నేను తలెత్తి చూసేదాన్ని. "నన్నేం చూస్తావు, పుస్తకం చూడు" అని కసిరేది. పొద్దున్నే కనిపిస్తే మొదట "చదివినావా?" అనే అడిగేది, ఆ తర్వాతే "తిన్నావా?"

రెండో ఏడు అకౌంట్స్‌లో తప్పాను. ఇక మానేస్తానన్నాను. "ఒక పేపరు పోతే ఇంత ఏడుపా?" అంటూ పెద్దమ్మ, మామ చేతిలో ముక్కలు లాక్కుని, "దీనికి లెక్కలు నేర్పించప్పా, పేకాట యాడికీ పోదు" అంది. ఆయన గొణుక్కుంటూనే నేర్పాడు, నేను పాసయ్యాను. ఇప్పుడు తమ్ముడు డిప్లొమా చదువుతున్నాడు. వచ్చే నెల నాకు ఆఖరి పరీక్షలు.

శనివారం సమాధి దగ్గరికి రైలు మనుషులందరూ సెలవు పెట్టి వచ్చారు. వాళ్ళను చూస్తే దుఃఖంతో పాటు భయం కూడా వేసింది. ఇంట్లో నాన్న పనులు, బయట దుకాణం. నాకు చదువుకునే చోటు ఆ రైలొక్కటే. ఆమె లేకుండా అక్కడ నన్నెవరు చదువుకోనిస్తారు?

సోమవారం రైల్లో ఎవరూ పాట ఎత్తుకోలేదు. బంగారపేటలో ఎక్కిన కొత్తాయన ఒకడు ఫోన్లో వీడియోలు పెద్దగా పెట్టాడు. నేను పుస్తకం మూయబోయాను. తలుపు దగ్గర కింద కూర్చుని పూలు కట్టే ఒకావిడ తలెత్తింది. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

"స్వల్ప సౌండు తగ్గించప్పా. మా పాపకు పరీక్షలు ఉండాయి."

ఆయన ఫోన్ కట్టేశాడు. ఆవిడ మళ్ళీ వంగి, ఒడిలోని కనకాంబరాలను ఒక్కొక్కటే తీసి దారానికి ముడివేస్తూ కూర్చుంది.