ఎర్రకారం చూసే నాలుక

ప్రొద్దుటూరులో వనజమ్మ దోసెల కొట్టుకు పేరు తెచ్చింది దోసె మీద పూసే ఎర్రకారం. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డలు, వెల్లుల్లి, ఉప్పు గ్రైండరులో వేసి తిప్పేది కోడలు హేమలత. వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుని, సరిపోయిందో లేదో చెప్పేది అత్త. ఇరవై ఏళ్లుగా ఆమె అంచనా తప్పలేదు.

ఈ ఏడాది తప్పింది. వేలు నోట్లో పెట్టగానే నాలుక భగ్గున మండేది. దువ్వూరు మిరపకాయలు మానేసి రాజుపాలెం కాయలు తెప్పించింది. అవీ మండాయి. కోడలు గుప్పెడు ఎక్కువ వేస్తోందని తిట్టి, కాయలు తానే తగ్గించింది. మంట పోలేదు. ఇంకా తగ్గించింది.

రోజూ వచ్చే ఆటో డ్రైవరు సర్దార్ ఒక పొద్దున ప్లేటు పక్కకు జరిపాడు.

"ఏందక్కా, బాలింతకు ఏసినట్టు ఏస్తాండావు దోసెలు?"

బెంచీల మీదివాళ్లు నవ్వారు. వారం తిరక్కుండా వాళ్లలో కొందరు పక్కవీధి కొట్టుకు మారారు.

చిగుళ్ల నుంచి రక్తం కూడా వచ్చేది. గట్టిపడతాయని వనజమ్మ ఉప్పు, బొగ్గు కలిపి రుద్దేది. రక్తం ఎక్కువైంది. చివరికి హేమలత ఆమెను పళ్ల డాక్టరు అర్చన దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు నోరంతా చూసి, ముట్టు ఆగి ఎన్నాళ్లయిందని అడిగింది. వనజమ్మ తలుపు వైపు చూసింది.

"పండ్లు సూపించుకోను వస్తే ఆ మాటెందుకు తల్లీ?"

అర్చన విడమరిచి చెప్పింది. ముట్టు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది. దాంతో కొందరికి ఉమ్మి ఊరక నోరు ఎండిపోతుంది, లోపలి పొర పలచబడుతుంది, చిగుళ్లు వాస్తాయి, నాలుక మండుతుంది, రుచి మారుతుంది. పలచబడిన చిగుళ్లను ఉప్పూ బొగ్గూ గీరేస్తున్నాయి. మెత్తటి బ్రష్షు వాడాలి, చిగుళ్లు శుభ్రం చేయించుకోవాలి, నోరు ఎండనివ్వకూడదు. మంటకు వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి రక్తపరీక్ష రాసింది.

హార్మోను మాత్రలు వేసుకుంటే పోతుందట కదా అని హేమలత అడిగింది. ఒక్క నోటి కోసమని వాటిని ఇవ్వరని, నోటికి అవి అందరికీ పనిచేయవని డాక్టరు చెప్పింది. వనజమ్మకు ఆరేళ్ల కిందట రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను అయింది. ఆ సంగతి హేమలత చెప్పగానే, అయితే ఆ మాత్రల ఊసే వద్దంది డాక్టరు.

"నా నాలిక మళ్లా మునుపటి మాదిరి అయితాదా?" అని వనజమ్మ అడిగింది.

"మంట తగ్గొచ్చమ్మా. రుచి ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేను."

మరునాడు పొద్దున హేమలత అలవాటుగా కారం గిన్నె ముందుకు జరిపింది. వనజమ్మ వేలు ముంచింది, నోటి దాకా తెచ్చింది, కొంగుకు తుడిచేసుకుంది.

"నువ్వే సూడు. మునుపు ఏసినన్ని మిరక్కాయలు ఎయ్."

"మళ్లా తిడతావు అత్తా."

"తిట్టేకి నాకు తెలిస్తే గదా."

ఇన్నాళ్లూ ఊరికే తిట్టానన్న మాట మాత్రం ఆమె నోటినుంచి రాలేదు. హేమలత దానికోసం ఎదురుచూడలేదు. ఇంకో గుప్పెడు కాయలు వేసి తిప్పింది.

వనజమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని, గుక్కగుక్కగా నీళ్లు తాగుతూ, తినేవాళ్లు కారానికి ముక్కులు ఎగబీలుస్తున్నారో లేదో చూస్తూ ఉండిపోయింది.