నేను పీకేసిన వైరు

అది 2011. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, నాది సైకిళ్ల దుకాణం. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. ఏ రోజు బస్సు నడుస్తుందో, ఏ రోజు నడవదో తెలియదు. అందుకే నేను కొత్తగా తెచ్చిన బ్యాటరీ బండ్లకు మంచి గిరాకీ వచ్చింది. పైగా నాది ఎప్పుడూ ఒకటే పాట: "లైసెన్స్ అక్కర్లే, రిజిస్ట్రేషన్ అక్కర్లే." అబద్ధమేం కాదు. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటని చిన్న మోటారు బండికి చట్టం ఏ కాగితమూ అడగదు.

దాటకుండా ఆపేది స్పీడ్ లిమిటర్. మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే కంట్రోలర్ అనే డబ్బా సీటు కింద ఉంటుంది. దాని నుంచి వచ్చే ఒక సన్న వైరు పీకితే చాలు, బండి నలభై దాకా ఉరుకుతుంది. పీకితే నా పాట అబద్ధమవుతుందని తెలిసినా, కొన్నవాళ్లు సంతోషిస్తారని చాలా బండ్లకు నేనే పీకి ఇచ్చేవాణ్ణి.

ఒకరోజు తండా నుంచి హరియా నాయక్ తన కూతురు సరితను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం.

"బస్సుల్లేక పిల్ల సదువు ఆగమైతుంది సేటు. లైసెన్స్ గిట్ల అడుగుతరా?"

"ఎవ్వరడుగరు నాయక్" అన్నాను. పిల్ల వయసెంతో నేనూ అడగలేదు. వైరు మాత్రం వాళ్లు అడక్కుండానే పీకేశాను.

పది రోజులకు బంద్ వచ్చింది. ఊరి బయట వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడే బంతి కూర్చొని తినడం అప్పట్లో మా నిరసన. నేనూ షట్టర్ దించి వెళ్లాను. ఓ చివరన కూలి పని చేసుకునే ఎల్లవ్వ ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఇవాళ బండ్లు రావన్న ధీమాతో రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంది.

తండా వాళ్ల తరఫున జొన్నరొట్టెల మూట తీసుకొని సరిత వచ్చింది. పల్లపు రోడ్డు. అడ్డం పెట్టిన రాళ్ల సందులోంచి బండి దూరింది. మోటారు సైకిలైతే చప్పుడుకే జనం జరిగేవాళ్లు, బ్యాటరీ బండికి చప్పుడే ఉండదు. సరిత కేక వేసేసరికే ఎల్లవ్వ కింద పడింది. రొట్టెలన్నీ రోడ్డు మీద పడ్డాయి. అవ్వ మణికట్టు విరిగింది.

"లైసెన్స్ ఉన్నదా? నీకు ఏండ్లెన్ని?" అని అందరూ ఆ పిల్ల మీద పడ్డారు.

"పదిహేను" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

దవాఖానలో ఎల్లవ్వ మంచం దగ్గర హరియా నాయక్ నా చేతిలో తాళం పెట్టాడు. "బండి వాపస్ తీస్కో సేటు. కాలేజీ వద్దు, ఏమద్దు. ఇంటికాడనే ఉంటది."

సరిత మంచం పక్కన నిలబడి ఏడుస్తోంది. ఇక ఊరుకోలేకపోయాను.

"తప్పు పిల్లది కాదు నాయక్. స్పీడు ఆపే వైరు పీకింది నేను" అన్నాను.

"అయితే నీ చెయ్యి ఇరగాలెరా కొడుకా!" అని ఎల్లవ్వ నన్ను కసిరింది. తర్వాత మంచి చేత్తో సరితను దగ్గరికి లాక్కుంది. "ఏడ్వకు బిడ్డా. చెయ్యి సూపెట్టనీకి నన్ను నువ్వే తోల్కరావాలె. ఎట్ల నడుపుతవో ఎనక కూసోని నేనే జూస్త."

అవ్వ సరే అంటేనే కాలేజీ అన్న షరతు మీద నాయక్ ఒప్పుకున్నాడు. మర్నాడే వైరు మళ్లీ కలిపాను. దుకాణం వెనుక మైదానంలో వారం రోజులు దగ్గరుండి సరితకు నేర్పాను. ఆ తర్వాత అవ్వ కట్టు చేత్తో వెనక కూర్చునేది. "జరుగుండ్రి, బండొస్తుంది!" అని దారి పొడుగునా అరిచేది. సైకిళ్లు కూడా వాళ్లను దాటిపోయేవి. కట్టు విప్పిన రోజు ఇద్దరూ దుకాణం ముందు ఆగారు.

"పిల్లకు నడుపుడొచ్చింది. రేపటి సంది కాలేజీకి పోతది. నాయక్‌కు జెప్పు" అంది అవ్వ.

బ్యాటరీ బండికి లైసెన్స్, వయసు పరిమితి ఉండాలా అని ఇప్పుడెవరైనా అడిగితే, గిరాకీ పోయినా సరే, ఉండాలనే అంటాను. అలాంటి చట్టం వచ్చేదాకా కొనేవాళ్లకు నా దుకాణంలో ఒకటే పరీక్ష. ఇంట్లో పెద్దమనిషిని వెనక కూర్చోబెట్టుకొని ఒక చుట్టు తిరిగి రావాలి. సరిత వయసు చట్టం అడగలేదు. నేనైనా అడగాల్సింది.